వెనక సీటు కింది వైరు

ఆ సోమవారం పొద్దున తొమ్మిదింటికి మా గల్లీలో నీళ్లు మోకాళ్ల కిందికి దిగాయి. అప్పటికి మా ఆయనకు డయాలసిస్ జరిగి నాలుగు రోజులైంది.

వారానికి మూడుసార్లు, మంగళ, గురు, శనివారాల్లో ఆయన రక్తాన్ని మిషను శుభ్రం చేయాలి. గురువారం చేయించుకుని వచ్చాం. ఆ సాయంత్రమే వాన పట్టుకుంది. శనివారం తెల్లారేసరికి ఖాడీ పొంగింది. ఊరి వాననీటినీ మురుగునూ మోసుకుపోయే ఆ పెద్ద కాలువ సూరత్‌లో మా పర్వత్ పాటియా పక్కనుంచే పోతుంది. అది పొంగిందంటే ముందు మునిగేది మేమే. మాది మేడ మీది గది కాబట్టి ఇంట్లోకి నీళ్లు రాలేదు. కింద మాత్రం నడుము లోతు. రెండు రోజులు మెట్ల మీద కూర్చుని నీళ్లు ఏ మెట్టు దాకా వచ్చాయో, ఏ మెట్టు దిగాయో చూడడమే నా పని అయింది.

ఆదివారం ఆయన పడుకోలేకపోయాడు. వెల్లకిలా పడుకుంటే ఊపిరి ఆడడం లేదని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. పాదాలు బాగా ఉబ్బాయి. వేలితో నొక్కితే పడిన గుంట ఎంతసేపటికీ పూడలేదు. సోమవారం పొద్దున డయాలసిస్ సెంటరుకు ఫోన్ చేశాను. అక్కడ మిషన్లు చూసే గుజరాతీ అమ్మాయికి మేమిద్దరం బాగా తెలుసు. పదకొండున్నరకు ఒక మంచం ఖాళీ అవుతుందనీ, పన్నెండు దాటితే వేరేవాళ్లకు ఇవ్వక తప్పదనీ, వాళ్లు కూడా శనివారం రాలేకపోయినవాళ్లేననీ హిందీలో చెప్పింది. ఆయాసం ఉందా, గుండె దడగా ఉందా అని అడిగింది. రెండూ ఉన్నాయన్నాను.

"జల్దీ ఆవో ఆంటీ. ఆజ్ మత్ ఛోడ్‌నా" అని పెట్టేసింది.

ఇవాళ వదులుకోవద్దు అని ఆ అమ్మాయి అంతకుముందెప్పుడూ అనలేదు.

అంబులెన్సుకు ఫోన్ చేస్తే, బండ్లన్నీ తిరుగుతున్నాయి, గంటన్నర పడుతుంది, పైగా నీళ్లున్న గల్లీలోకి రాలేం, పేషెంటును మెయిన్ రోడ్డుకు తెచ్చి ఉంచండి అన్నారు. ఆటోవాళ్లు ఆ నీళ్లలోకి రారు. వాపీలో పని చేసే మా అబ్బాయి పొద్దున్నే బయల్దేరాడు గానీ వచ్చే బస్సు ఎక్కడో ఆగిపోయిందట. ఇక మిగిలింది మా జీపు.

దాని గురించి కొంచెం చెప్పాలి. మా ఆయన సిరిసిల్ల నుంచి మగ్గాల మీద పనికి వచ్చాడు గానీ, ఇక్కడ మోటార్ల వైరింగు నేర్చుకుని వైర్‌మన్ అయ్యాడు. బార్డోలీ వైపు చెరుకు తోటల్లో బోరు మోటార్లు కాలిపోతే ఈయన్నే పిలిచేవాళ్లు. వానాకాలంలో ఆ తోటల దారుల్లో మామూలు బండి పోదు. అందుకని ఎక్కడో వేలంలో ఒక పాత పెట్రోలు జీపు పట్టుకొచ్చాడు. నాలుగు చక్రాలూ కలిసి లాగే రకం. రంగు వెలిసి, డోర్ల కింద తుప్పు పట్టి, ఎక్కాలంటే కాలు బాగా ఎత్తాల్సిన జీపు అది. దాన్ని ఇంకొకరి చేతికి ఇచ్చేవాడు కాదు. మెకానిక్కు కూడా ముట్టుకోవడానికి వీల్లేదు.

రెండేళ్ల కింద కిడ్నీలు పోయాయని తెలిసింది. డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఎడమ చేతికి ఆపరేషను చేసి ఫిస్టులా పెట్టారు. ఆ చేత్తో బరువు ఎత్తొద్దు, గట్టిగా లాగొద్దు, నెట్టొద్దు అన్నారు డాక్టర్లు. జీపు గేరు రాడ్డు పట్టేది ఎడమ చేత్తోనే. అట్లా నలభై ఆరేళ్ల వయసులో నేను డ్రైవింగ్ నేర్చుకున్నాను. అప్పటిదాకా ఇంట్లో కూర్చుని చీరలకు లేసు కుట్టిన చేతులవి. భేస్తాన్ అవతల ఖాళీ రోడ్డు మీద ఆయన పక్కన కూర్చుని తిడుతూ నేర్పాడు. నేను ఏడుస్తూ నేర్చుకున్నాను.

పోయిన చలికాలం నుంచీ జీపు మధ్యలో ఆగిపోవడం మొదలైంది. తాళం తిప్పగానే వెనక ట్యాంకులోంచి రెండు క్షణాలు జుయ్‌మని సన్నని చప్పుడు రావాలి. అది పెట్రోలు పంపు. ఆ చప్పుడు వినపడితే ఇంజను లేస్తుంది, వినపడకపోతే సెల్ఫ్ ఎంత కొట్టినా లేవదు. నాలుగైదుసార్లు తాళం తిప్పుతూ ఉంటే ఏదో ఒకసారి చప్పుడు వచ్చేది. "పంపు డూప్లికేటుది పడ్డది, మారుస్త" అనేవాడు ఆయన. వేరే ఎవరికైనా చూపిద్దామంటే మాత్రం కోపం. నెలలు అట్లాగే గడిచాయి.

వాన మొదలైనప్పుడే నేను దాన్ని గల్లీ మలుపులో ఉన్న మగ్గాల షెడ్డు ముందు ఎత్తయిన దిమ్మె మీద పెట్టి వచ్చాను. శనివారం అక్కడ కూడా నీళ్లు సగం టైరు దాకా వచ్చాయని కింది ఇంట్లో ఉండే ఒడియా ఆయన చెప్పాడు. ఆయనా, ఆయన గదిలో ఉండే ఇంకో మగ్గం పనివాడూ కలిసి మా ఆయన్ని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దించి, నీళ్లలో మోసుకుంటూ జీపు దాకా తెచ్చారు. ఆయన ఆ కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడలేదు.

తాళం తిప్పాను. జుయ్‌మంది. ఇంజను లేచింది. నాకు దేవుడు కనిపించినట్టయింది.

"ఫోర్ వీల్ ఎయ్యి. ఫస్ట్ గేర్ల పో. యాక్సిలేటర్ ఇడ్వకు" అన్నాడు ఆయన. రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటున్నాడు.

గల్లీలో గోధుమరంగు నీళ్లు. మార్కెట్ గోడౌన్లలోంచి కొట్టుకొచ్చిన చీరల మూటలు అక్కడక్కడా స్తంభాలకు ఆనుకుని ఉన్నాయి. ఒక మూట విప్పుకుపోయి ఎర్ర చీర ఒకటి నీళ్ల మీద పొడుగ్గా పరుచుకుని ఉంది. అది చక్రానికి చుట్టుకుంటుందేమోనని పక్కకు తిప్పాను. గుంతలు ఎక్కడున్నాయో కనపడదు. మ్యాన్‌హోల్ మూతలు తెరిచి పెట్టిన చోట ఎవరో చెట్టుకొమ్మలు గుచ్చారు. ఆ కొమ్మలను చూసుకుంటూ నడిపాను.

ఖాడీ వంతెన ఇంకా వంద అడుగులు ఉందనగా ఇంజను ఒక్కసారి ముక్కింది, ఇంకోసారి ముక్కింది, ఆగిపోయింది.

సెల్ఫ్ కొట్టాను. ఇంజను గిరగిర తిరిగింది గానీ పట్టుకోలేదు. తాళం తీసి మళ్లీ తిప్పి చెవి రిక్కించాను. వెనకనుంచి ఏమీ వినపడలేదు. మళ్లీ తిప్పాను. నాలుగుసార్లు, ఐదుసార్లు, పదిసార్లు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మోగుతలేదు" అన్నాను.

"మల్ల తిప్పు."

"పదిసార్లు తిప్పిన. మోగుతలేదు."

ఆయన కళ్లు మూసుకున్నాడు. నీళ్లు డోరు కింది అంచును తాకుతున్నాయి. నేను కిందికి దిగాను. మోకాళ్లు దాటి తొడల దాకా చల్లగా తగిలాయి. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని వెనక్కి చూశాను. కుర్చీ మోసిన ఆ ఇద్దరూ ఇంకా గల్లీ మొగలో నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. చెయ్యెత్తి పిలిచాను. వాళ్లు పరుగున వచ్చారు, అంటే ఆ నీళ్లలో ఎంత పరుగెత్తగలరో అంత. ముగ్గురం కలిసి నెట్టాం. వంతెనకు ఎక్కే ఎత్తు మీద, నీళ్లు చక్రాలకు అందని చోటుకు తెచ్చి, టైరు కింద రాయి పెట్టాం. మా ఆయన్ని మోసుకెళ్తామని ఒడియా ఆయన అన్నాడు. కానీ అక్కడినుంచి మెయిన్ రోడ్డు కిలోమీటరు పైన, మధ్యలో మళ్లీ నీళ్లు. ఆయన కుర్చీలో అంతసేపు నిలిచేట్టు లేడు. ఆటో గానీ ట్రాక్టరు గానీ దొరుకుతుందేమో చూసొస్తామని వాళ్లిద్దరూ వంతెన అవతలికి నడిచారు. అప్పుడు టైము పదిన్నర.

అంబులెన్సుకు మళ్లీ ఫోన్ చేశాను. ఇంకా గంట అన్నారు.

ఆయన డోరు తీసి కాలు కింద పెట్టబోతున్నాడు.

"ఏడికి?"

"నీతోని కాదు. జరుగు, నేను సూస్త."

"కూసో."

"పంపు దగ్గర నీకేం తెల్సు..."

"కూసో అంటున్న!"

పెళ్లయి ఇరవై ఎనిమిదేళ్లయింది, ఆయన మీద అంత గట్టిగా అరవడం అదే మొదటిసారి. వంతెన మీద గొడుగు పట్టుకుని పోతున్న ముసలాయన ఆగి మా వైపు చూశాడు. మా ఆయన కాలు లోపలికి తీసుకున్నాడు. ఆయన పెదాలు నల్లబడి ఉన్నాయి.

"నువ్వు చెప్పు, నేను చేస్త. తాళం నీ దగ్గర పెట్టుకో" అన్నాను.

ఆయన చెయ్యి చాపి తాళం పట్టుకున్నాడు. తర్వాత, "ముందుగాల ఫ్యూజు సూడు" అన్నాడు.

జీపులోనే ఉండే ఆయన పనిముట్ల సంచి తీసుకుని బానెట్ ఎత్తాను. పక్కన నల్ల డబ్బా. మూత తీస్తే లోపల రంగురంగుల ఫ్యూజులు. పంపుది ఏదో ఆయన చెప్పాడు. కొంకితో లాగి ఆకాశం వైపు పెట్టి చూశాను. లోపలి తీగ తెగలేదు.

"మంచిగనే ఉన్నది."

"దాని పక్కన నాలుగు మూలలవి ఉన్నయి గదా, రెండు రిలేలు? ఒకటి పంపుది, ఒకటి హారన్‌ది. రెండు ఒకటే తీరు. పంపుది తీసి హారన్ కాడ పెట్టు."

పెట్టాను. ఆయన లోపలినుంచి హారన్ నొక్కాడు. గట్టిగా మోగింది. అంటే పంపుకు కరెంటు అందించే ఆ రిలే స్విచ్చు బాగానే ఉంది. దాన్ని మళ్లీ దాని చోట పెట్టాను. వాన మళ్లీ జోరందుకుంది. బానెట్ దించి వెనక్కి వెళ్లాను.

వెనక సీటు ఎత్తి, రబ్బరు మ్యాటు తీస్తే, నేలకు చిన్న గుండ్రటి రేకు మూత ఉంది. దాని కిందే ట్యాంకు. నాలుగు స్క్రూలు. మూడు తేలికగానే వచ్చాయి. నాలుగోది తుప్పుకు బిగుసుకుపోయింది. దాన్ని వదిలేసి మూతను పక్కకు తిప్పాను. పెట్రోలు వాసన గుప్పుమంది. పంపుకు పోయే ప్లగ్గు పైకి కనపడుతోంది.

"ప్లగ్గు పీకి, బల్బు పెట్టు" అన్నాడు ముందునుంచి.

బల్బు అంటే ఆయన తయారు చేసుకున్నదే. పాత ఇండికేటరు బల్బుకు రెండు వైర్లు కట్టి ఉంటాయి. వాటిని ఎక్కడ పెడితే అక్కడ కరెంటు ఉందో లేదో తెలుస్తుంది. సంచిలోంచి తీసి ప్లగ్గు రెండు రంధ్రాల్లో దాని రెండు వైర్లూ దోపాను.

"తిప్పు."

తాళం టక్కుమంది. బల్బు వెలగలేదు.

"వెలిగిందా?"

"లేదు. మల్ల తిప్పు."

టక్కు. బల్బు నల్లగానే ఉంది.

"వెలిగిందా?"

"లేదు."

"అయితే కరెంటే వస్తలేదు. ముందట్నుంచి వచ్చే వైరు లోపల్నే ఏడనో తెగింది. మొత్తం మ్యాటు ఇప్పాలె. ఇగ అయ్యేది కాదు..." అన్నాడు. ఆ తర్వాత మాట మధ్యలోనే ఆగిపోయింది.

తల ఎత్తి చూశాను. ఆయన తల పక్కకు వాలింది.

"ఇగో! ఇగో, ఇనవడ్తుందా?"

"ఇంటున్న" అన్నాడు. కళ్లు తెరవలేదు. మాట ముద్దగా వచ్చింది.

చేతులు ఆయన వైపు పోతున్నాయి, కళ్లు ఆ ప్లగ్గు మీదే ఉన్నాయి. దిగి ఆయన దగ్గరికి పోతే ఏం చేయగలను? వీపు నిమరగలను. అంతకంటే ఏమీ చేయలేను. ఆయనకు కావాల్సిన మిషను నాలుగు కిలోమీటర్ల అవతల ఉంది.

ఒకప్పుడు మగ్గాల షెడ్డులో ఆయన వైరింగు చేస్తుంటే సామాన్లు అందిస్తూ నేను పక్కన ఉండేదాన్ని. కరెంటుకు వచ్చే తోవ ఒక్కటే సరిపోదు, పోయే తోవ కూడా ఉండాలి, రెండిట్లో ఏది తెగినా బల్బు వెలగదు అని ఎన్నోసార్లు చెప్పాడు. వచ్చే తోవ తెగిందని ఆయన ఎట్లా అనుకున్నాడు? పోయే తోవ చూడనే లేదు కదా. మామూలుగా ఉన్న రోజైతే ఇది ఆయనకు నిద్రలో కూడా తట్టేది. రక్తంలో పేరుకున్న విషం తలకెక్కిన మనిషి, అంతవరకు చెప్పడమే గొప్ప.

బల్బు వైరు ఒకటి ప్లగ్గులోనే ఉంచాను. రెండోది తీసి సీటు కింది బోల్టుకు ఆనించాను. బోల్టు మీద రంగు ఉంది. స్క్రూడ్రైవరుతో గట్టిగా గీకి, ఇనుము తెల్లగా కనపడ్డాక మళ్లీ ఆనించాను.

"తిప్పు."

ఏమీ కాలేదు. ఆయన తిప్పలేదు.

"తాళం తిప్పు అంటున్న! ఒక్కసారి!"

చాలాసేపు అనిపించింది. తర్వాత టక్కుమంది.

బల్బు వెలిగింది. రెండే రెండు క్షణాలు, పచ్చగా.

"వెలిగింది! ఇనవడ్డదా? బాడీకి పెడితే వెలిగింది!"

ఆయన కళ్లు తెరిచాడు. "ఎర్త్" అన్నాడు నెమ్మదిగా. "ఎర్త్ పోయింది. నల్ల వైరు. దానెంబడి పో."

ప్లగ్గు నుంచి ఆ నల్ల వైరు, అంటే కరెంటు పోయే తోవ, మ్యాటు కిందికి వెళ్తోంది. చేత్తో పట్టుకుని దాని వెంబడే పోయాను. చక్రం పైన ఉబ్బెత్తుగా ఉండే భాగం పక్కన, తడి దుమ్ములో, చేతికి ఒక ముడి తగిలింది. టేపు చుట్టిన జాయింటు. పైకి లాగి చూశాను.

ఆ టేపు చివర చిన్న మడత ఉంది. తర్వాత ఎప్పుడైనా విప్పాల్సి వస్తే గోరుకు దొరకాలని ఆయన ప్రతి జాయింటుకూ టేపు చివర అట్లా మడిచిపెడతాడు. సూరత్‌లో ఇంకో వైర్‌మన్ అట్లా చేయడం నేను చూడలేదు. ఆ మడత పట్టుకుని విప్పాను. లోపల రెండు వైర్లను మెలిపెట్టలేదు. పక్కపక్కన పెట్టి టేపు చుట్టినట్టే ఉంది. రాగి పోగులు ఆకుపచ్చగా మారి పొడి రాలుతున్నాయి. నేను విప్పుతుండగానే విడిపోయాయి. ఇన్నాళ్లు కరెంటు ఎట్లా పారిందో అదే ఆశ్చర్యం.

జబ్బు బయటపడకముందు పంపు మార్చినప్పుడు ఆయన చేసిన జాయింటే అది. పదిమందికి పని నేర్పినవాడు. ఇట్లా జాయింటు చేసినవాణ్ని ఆయన షెడ్డులోంచి వెళ్లగొట్టడం నా కళ్లతో చూశాను.

"ఏమున్నది?" అన్నాడు ముందునుంచి.

"తుప్పు వట్టింది" అన్నాను.

కొంతసేపటికి, "జాయింటు చేసేముందు బ్యాటరీ వైరు ఇప్పు. పెట్రోలు కాడ రవ్వ లేవద్దు. పది నంబరు పాన" అన్నాడు.

మళ్లీ వానలోకి దిగి, బానెట్ ఎత్తి, పదో నంబరు పానాతో బ్యాటరీ వైరు విప్పాను. వెనక్కి వచ్చి ఆకుపచ్చబడిన పోగులను కత్తిరించి పారేశాను. లోపల మెరిసే రాగి కనపడేదాకా బ్లేడుతో తోలు తీశాను. ట్యాంకు పక్కన ఆ నల్ల వైరును బాడీకి బిగించిన బోల్టును తుప్పు పూర్తిగా తినేసింది, దాన్ని నమ్మడానికి లేదు. సంచిలో మూరెడు కొత్త వైరు దొరికింది. దాన్ని నల్ల వైరుకు కలిపి మెలిపెట్టాను. మెలిపెట్టడం నాకు తెలుసు. పెళ్లయిన కొత్తలో మగ్గాలకు నూలు కండెలు చుట్టే పనిలో తెగిన పోగులను అతికిన వేళ్లే ఇవి. కానీ ఆ వేళ్లు ఇప్పుడు తడికి జారుతున్నాయి. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పళ్లతో పట్టుకుని బిగించాను. రెండో చివరను ఇందాక గీకిన సీటు బోల్టు కింద పెట్టి, పానాతో ఎంత బలం ఉందో అంత పెట్టి తిప్పాను. టేపు చుట్టాను.

అప్పుడే ఫోన్ మోగింది. డయాలసిస్ అమ్మాయి. టైము పదకొండు నలభై. ఎక్కడున్నారని అడిగింది. ఖాడీ వంతెన దగ్గర అన్నాను, బండి ఆగిపోయింది అన్నాను, వస్తున్నాం అన్నాను. ఏ మాట ముందు అన్నానో గుర్తులేదు. అవతల ఎవరో గట్టిగా మాట్లాడుతున్నారు, మంచం తమకు ఇమ్మని. ఆ అమ్మాయి గొంతు తగ్గించి, పన్నెండుంబావు దాకా ఆపుతాను, ఆ తర్వాత నా చేతిలో లేదు అంది.

ప్లగ్గు పెట్టాను. బ్యాటరీ వైరు బిగించాను. డ్రైవరు సీట్లో కూర్చున్నాను. తాళం మీద ఆయన చెయ్యి ఉంది. దాన్ని తీసి ఆయన ఒళ్లో పెట్టాను. చల్లగా ఉంది.

తాళం తిప్పాను. వెనకనుంచి జుయ్‌మంది. ఇంతకుముందెప్పుడూ అంత గట్టిగా, అంత శుభ్రంగా మోగలేదు. సెల్ఫ్ కొట్టగానే ఇంజను లేచింది. ఆటో కోసం పోయిన ఇద్దరూ ఉత్త చేతులతో తిరిగొస్తూ వంతెన మీద ఎదురయ్యారు. ఆగలేదు. చెయ్యి మాత్రం ఊపాను.

వంతెన దిగాక మళ్లీ నీళ్లు. ఇంజను అదిరినప్పుడల్లా అయిపోయిందనుకున్నాను. ఆ జాయింటు నీళ్లకు తడుస్తోందేమో, బోల్టు వదులవుతోందేమో. ఆయన మాట్లాడకపోతే భయమేసింది. ఊరికే మాట్లాడిస్తూ పోయాను.

"ఇప్పుడు ఏ గేర్ల పోవాలె?"

"... ఫస్టే."

"ఎదురుంగ లారీ వస్తుంది. ఆగాల్నా?"

"ఆగకు. ఓర వట్టుకొని పో."

లారీ రేపిన అల బానెట్ మీదికి వచ్చి పడింది. అద్దం మీద ఏమీ కనపడలేదు. నేను కాలు తీయలేదు. అల దిగేసరికి మెయిన్ రోడ్డు కనపడింది, నల్లగా, నీళ్లు లేకుండా. రింగ్ రోడ్డు వైపు తిరిగాక జీపును అంత వేగంగా నేనెప్పుడూ నడపలేదు. సిగ్నళ్లు చూశానో లేదో గుర్తులేదు.

సెంటరు ముందు ఆపేసరికి పన్నెండు దాటి పది నిమిషాలు. ఆ అమ్మాయి స్వయంగా వీల్‌చైరు తోసుకుని బయటికి వచ్చింది. నా చేతులకున్న మట్టి, చీరకున్న మడ్డి చూసింది. ఆయన్ని లోపలికి తీసుకుపోయింది. తలుపు మూసుకుంది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. అప్పుడు మొదలైంది వణుకు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. పక్కన కూర్చున్న ఒక గుజరాతీ ఆవిడ, ఆమె కొడుకు లోపల ఉన్నాడట, నా మీద తన శాలువా కప్పి, చాయ్ కప్పు చేతిలో పెట్టి, నేను పట్టుకోలేకపోతుంటే తానే పట్టుకుని తాగించింది. గంట తర్వాత డాక్టరు వచ్చి, గుండె మీద ఒత్తిడి పడింది, పొటాషియం బాగా పెరిగింది, ఇప్పుడు దిగుతోంది, ఇంకో పూట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్లం అన్నాడు.

నాలుగు గంటల తర్వాత నన్ను లోపలికి పిలిచారు. ఆయన సూదులు తీసిన చోట దూది పెట్టి కుడి చేత్తో నొక్కుకుంటున్నాడు. మొహంలోకి రంగు వచ్చింది. నేను స్టూలు మీద కూర్చున్నాను.

"తుప్పు అన్నవ్" అన్నాడు.

"తుప్పు గూడ ఉన్నది."

"గా జాయింటు నేనే చేసిన."

"తెల్సు."

ఆయన దూది వైపే చూస్తున్నాడు. "గప్పుడు నాకు చేతులు వణుకుతుండె. వైరు పట్టుకుంటె నిలుస్తలేకుండె. జరసేపు ఆగి చేద్దామనుకున్న. మల్ల గదే. ఎవరన్న సూస్తరని గట్లనే టేపు సుట్టి మూత పెట్టిన."

"అప్పటికి ఎన్ని రోజుల్నుంచి వణుకుతుండె?"

"మూన్నాలుగు నెలలు. కాళ్లు గూడ వాస్తుండె. నీకు కనపడద్దని పొద్దుగాల లేవంగనే ప్యాంటు ఏసుకుంటుంటి."

నాకు ఒళ్లు మండిపోయింది. మొదట్లోనే తెలిసి ఉంటే మందులతో కొంతకాలమైనా నెట్టుకొచ్చేవాళ్లమని డాక్టర్లు అప్పుడే చెప్పారు. మూడు నాలుగు నెలలు. ఆ నెలల్లో నేను ఆయన పక్కనే పడుకున్నాను, ఆయన బట్టలు ఉతికాను, అన్నం పెట్టాను. నాకు తెలియలేదు. నాకు తెలియనివ్వలేదు.

"చెప్తే ఏమయితుండె?" అన్నాను. గొంతు పెరిగింది. పక్క మంచం మీదాయన తల తిప్పి చూశాడు. "నాకు ఒక్కమాట చెప్తే ఏమయితుండె?"

"పని ఇడ్వమంటవని."

"అంటుంటి. అని ఉంటే ఇయ్యాల ఈడ ఉంటుంటిమా?"

నాకు ఏడుపు వచ్చింది, కోపంతోనే. డయాలసిస్ అమ్మాయి వచ్చి బీపీ చూసి, ఇద్దరి మొహాలూ చూసి, మళ్లీ వస్తానని వెళ్లిపోయింది.

సాయంత్రానికి మా అబ్బాయి చేరాడు. తిరిగి వెళ్లేటప్పుడు వాడు నడుపుతానన్నాడు. వద్దు, మీ అమ్మనే నడపని అన్నాడు మా ఆయన. నేను ఇంకా కోపంగానే ఉన్నాను. ఆ కోపం పోవడానికి చాలా రోజులు పట్టింది. నిజం చెప్పాలంటే పూర్తిగా పోలేదు.

ఆ వచ్చిన ఆదివారం ఎండ కాసింది. గల్లీలో అందరూ తడిసిన పరుపులూ సామాన్లూ బయట పరిచారు. మేము జీపు వెనక తలుపు తీశాం. మా ఆయన వెదురు మోడా మీద కూర్చుని చెబుతుంటే, తుప్పు తినేసిన పాత బోల్టు తీసి కొత్తది బిగించి, జాయింటుకు టంకం పెట్టాను. మొదటిసారి ముద్దలా పడింది. తీసేయించాడు. రెండోసారి కూడా తీసేయించాడు. మూడోసారి చేత్తో లాగి చూసి, "ఇది ఇడ్వది" అన్నాడు.

తర్వాత రెండు రోజులకు, మంగళవారం పొద్దున, ఎప్పటిలాగే సెంటరుకు బయల్దేరాం. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఆయనే దిగాడు. నేను జీపు డోరు తీసి పట్టుకున్నాను. ఆయన ఎక్కలేదు. అక్కడే నిలబడి, "తెల్లారగట్లనుంచి గుండెల పట్టేసినట్టు ఉన్నది. నీకు చెప్పాల్నా వద్దా అని సూస్తున్న" అన్నాడు.

నేను అక్కడే నిలబడి డయాలసిస్ అమ్మాయికి ఫోన్ చేశాను. ఎప్పటినుంచి అని ఆమె అడిగింది. ఫోన్ ఆయన చేతికిచ్చాను. తెల్లవారుజామున నాలుగింటి నుంచి అని ఆయనే చెప్పాడు.